తలుపు పైన కన్ను: ఎగ్జిట్ మోషన్ సెన్సార్ బిగింపు డైరీ

సోమవారం

ఆఫీసు ముఖద్వారానికి ఒకటే రెక్క. అల్యూమినియం ఫ్రేములో గాజు, బయటికి తోసుకుని వెళ్ళే రకం. ఫ్రేము పైపట్టీకి లోపలివైపు 600 పౌండ్ల మ్యాగ్‌లాక్ (కరెంటు ఉన్నంతసేపే తలుపుని పట్టుకునే విద్యుదయస్కాంత తాళం) వేలాడుతోంది, అంటే సుమారు 272 కిలోల పట్టు. బయట కార్డు రీడర్, లోపల గోడ మీద ఆకుపచ్చ బటన్. బయటికి వెళ్ళాలంటే బటన్ నొక్కాలి, అయిదు సెకన్లలో తలుపు తోయాలి.

రెండు చేతులా డబ్బాలు మోసేవాళ్ళు మోచేత్తోనో భుజంతోనో ఆ బటన్ నొక్కి ఎలాగో నెట్టుకొస్తున్నారు. చక్రాల కుర్చీలో వచ్చే సహోద్యోగికి మాత్రం అది కుదరడం లేదు. బటన్ నొక్కి, కుర్చీ తిప్పి, తలుపు దాకా వచ్చేసరికి లాక్ మళ్ళీ పట్టేసుకుంటోంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నొక్కాలి. అందుకే తలుపు దగ్గరికి వచ్చిన మనిషిని చూసి తనంతట తానే లాక్ వదిలే మోషన్ సెన్సార్ పెట్టాలని తేల్చాం. తాళాల పనివాళ్ళ భాషలో దీన్ని ఆర్‌ఈఎక్స్ (రిక్వెస్ట్ టు ఎగ్జిట్) అంటారు, కొందరు రెక్స్ అనేస్తారు.

కొనేముందు ఏది కొనకూడదో చూసుకున్నాను. దొంగల అలారాలకి వాడే మామూలు పీఐఆర్ సెన్సార్ (ఒంటి వేడి కదలికని పట్టే రకం) దీనికి పనికిరాదు. అది గది మూలన కూర్చుని 10, 12 మీటర్ల దూరం, దాదాపు 90 డిగ్రీల వెడల్పు చూస్తుంది. దాన్ని తలుపు మీద పెడితే ఎవరు కుర్చీలోంచి లేచినా తాళం తెరుచుకుంటుంది. షాపింగ్ మాల్ తలుపులకి ఉండే రాడార్ సెన్సార్ కూడా వద్దనుకున్నాను. అవి 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, ఆ తరంగాలు గాజులోంచి దూరిపోతాయి. మాది గాజు తలుపు. బయట వరండాలో నడిచేవాడు కూడా దానికి లోపలివాడిలాగే కనిపిస్తాడు. తాళం వేసిందే బయటివాళ్ళ కోసం కదా.

పీఐఆర్‌కి ఆ గొడవ లేదు. మనిషి ఒంటి వేడి నుంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ 9, 10 మైక్రోమీటర్ల దగ్గర ఎక్కువగా ఉంటుంది, దాన్ని మామూలు గాజు దాటనివ్వదు. కాబట్టి గాజు అవతల ఎవరున్నా పీఐఆర్‌కి లేనట్టే. చివరికి తెచ్చింది తలుపుల కోసమే చేసిన పీఐఆర్. సన్నగా పొడుగ్గా ఉంటుంది, కిందికి పరదాలాంటి చూపు వేస్తుంది, దాని రిలేలో (కరెంటుతో నడిచే స్విచ్చులో) రెండు జతల కాంటాక్టులు. ఈ రెండో జత ఎందుకో వైరింగ్ దగ్గర చెప్తాను.

మంగళవారం

సెన్సార్ ఎక్కడ బిగించాలన్నది టేపు కన్నా ముందు కాగితం మీద తేలాలి. పీఐఆర్ లోపల ఉండేది ఒక పైరోఎలక్ట్రిక్ మూలకం, అందులో రెండు సగాలు. రెండింటి మీదా ఒకేలా పడిన వేడిని అది పట్టించుకోదు. ఒక సగం మీద పడ్డ వేడి రెండో సగం మీదికి జరిగితేనే సిగ్నల్ పుడుతుంది. ముందున్న ఫ్రెనెల్ లెన్స్ ఆ చూపుని పట్టీలు పట్టీలుగా చీలుస్తుంది. పట్టీలని అడ్డంగా దాటేవాణ్ణి సెన్సార్ ఇట్టే పట్టేస్తుంది. సెన్సార్ వైపే సూటిగా నడిచొచ్చేవాడు ఒకే పట్టీలో చాలాసేపు ఉంటాడు కాబట్టి ఆలస్యంగా పడతాడు.

చిక్కంతా ఇక్కడే ఉంది. బయటికి వెళ్ళేవాడు తలుపుకి సూటిగా వస్తాడు, అంటే తలుపు పైనున్న సెన్సార్‌కీ సూటిగానే. వెళ్ళే ఉద్దేశం లేకుండా తలుపు ముందునుంచి మీటింగ్ గదికి పోయేవాడు అడ్డంగా నడుస్తాడు. ఎవరిని చూడాలో వాళ్ళని మందంగానూ, ఎవరిని వదిలేయాలో వాళ్ళని చురుగ్గానూ చూడడం దాని పుట్టుగుణం. దీనికి విరుగుడు చూపుని ముందుకి కాక కిందికి వేయడం. పైనుంచి కిందికి దిగే పరదాని సూటిగా వచ్చేవాడు కూడా దాటక తప్పదు. పరదా లోతు తక్కువగా ఉంచితే అడ్డంగా పోయేవాడు దాని అవతలే ఉండిపోతాడు.

కాబట్టి ఈ పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది సెన్సార్ ఎక్కడ చూడకూడదు అన్నదాని మీద. ఎక్కడ చూడాలన్నది సులువే, తలుపు ముందు ఒక మీటరు నేల. చూడకూడనివి మా దగ్గర చాలానే ఉన్నాయి: మీటింగ్ గదికి వెళ్ళే దారి, ఏసీ గాలి పారే చోటు, తలుపు రెక్క కింది సందు. మూడోది ఎందుకో శుక్రవారం తెలుస్తుంది.

స్థానం ఫ్రేము పైపట్టీ మీద, రెక్కకి మధ్యలో. మ్యాగ్‌లాక్ పైపట్టీ కిందికి దిగి ఉంది కాబట్టి సెన్సార్‌ని దాని పైన, లాక్ బాడీ చూపుకి అడ్డురాకుండా కాస్త ముందుకి తేవాల్సి వచ్చింది. చిన్న ఎల్ బ్రాకెట్‌తో సరిపోయింది. నేల నుంచి లెన్స్ ఎత్తు 2.2 మీటర్లు.

కేబుల్ ఫాల్స్ సీలింగ్ లోంచి వస్తుంది. సెన్సార్ వెనక రంధ్రం వేసి కేబుల్ లాగాక ఆ రంధ్రం చుట్టూ సిలికాన్ గట్టిగా పూశాను. చాలామంది దీన్ని అందం కోసమనుకుని వదిలేస్తారు. సీలింగ్ పైన గాలి గదిలో గాలికన్నా వేడిగా ఉంటుంది, తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఒత్తిడి మారి ఆ రంధ్రంలోంచి ఊదుతుంది. ఆ వేడి గాలి నేరుగా సెన్సార్ పెట్టెలోకి, పైరో మూలకం మీదికి వస్తే ముందు ఎవరూ లేకపోయినా మనిషి వచ్చినట్టే లెక్క. సిలికాన్ పూయక ముందు రంధ్రం దగ్గర పలచటి టిష్యూ ముక్క పట్టుకుని తలుపు మూయించాను. ముక్క నిలువునా లేచి మళ్ళీ పడింది. ఎంత గాలి వస్తోందో కళ్ళకి కట్టింది.

బుధవారం

ఈ రోజంతా వైరింగే.

ఎక్కువ చోట్ల కనిపించే పద్ధతి ఇది: సెన్సార్ రిలే తీగలు రెండూ తీసుకెళ్ళి కంట్రోలర్‌లో (కార్డు రీడర్ మాట విని లాక్‌ని నడిపే పెట్టెలో) ఎగ్జిట్ బటన్ టెర్మినళ్ళకి కలిపేస్తారు. మనిషి కనిపించగానే సెన్సార్ కంట్రోలర్‌కి చెప్తుంది, కంట్రోలర్ లాక్‌కి చెప్తుంది. మామూలు రోజుల్లో చక్కగా పనిచేస్తుంది. నా అనుమానం మామూలు కాని రోజు గురించి. కంట్రోలర్ బిగుసుకుపోతే, ఆ తీగ తెగితే, సెన్సార్‌కే కరెంటు పోతే లోపలివాళ్ళ సంగతేంటి?

కొంతవరకు సెట్టింగులతో దారి ఉంది. సెన్సార్‌ని ఫెయిల్ సేఫ్‌లో పెడితే ఎవరూ లేనప్పుడు రిలే ఎత్తుకుని ఉంటుంది, మనిషి కనబడితే పడిపోతుంది. కరెంటు పోయినా పడిపోతుంది. కంట్రోలర్‌లో ఆ ఇన్‌పుట్‌ని 'మామూలుగా మూసి ఉండేది' అని చెప్తే, తీగ తెగడం కూడా బయటికి వెళ్ళాలన్న కోరికలాగే కనిపిస్తుంది. బాగానే ఉంది అనుకుని టెర్మినల్ స్క్రూ వదులు చేసి తీగ బయటికి లాగి చూశాను. లాక్ వదిలింది. అయిదు సెకన్లు గడిచాయి. టప్పుమని మళ్ళీ పట్టుకుంది. తీగ ఇంకా నా చేతిలోనే ఉంది.

కారణం సులువే. ఆ కంట్రోలర్ ఇన్‌పుట్ స్థితిని చూడడం లేదు, మార్పుని చూస్తోంది. మూసి ఉన్నది తెరుచుకున్న ఆ క్షణానికి ఒకసారి లాక్ వదులుతుంది, ఆ తరవాత అది తెరిచే ఉన్నా దానికి కొత్త వార్త కాదు. చాలా కంట్రోలర్లు ఇలాగే ఉంటాయి. మాన్యువల్‌లో ఫెయిల్ సేఫ్ అని రాసుంటే సరిపోదు, తీగ లాగి అయిదు సెకన్ల తరవాత కూడా తలుపు తోసి చూడాలి.

అందుకే రెండు జతల కాంటాక్టులు. ఒక జత కంట్రోలర్‌కి కబురు చెప్పడానికి, అలారం మోగకుండా, లాగ్‌లో నమోదయ్యేలా. రెండో జత నేరుగా లాక్ కరెంటు దారిలోనే వరసగా కలిపాను. పవర్ సప్లై ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు ముందు ఫైర్ అలారం ప్యానెల్ రిలే దాటాలి, తరవాత గోడ మీది బటన్, తరవాత సెన్సార్, ఆఖరికి కంట్రోలర్ రిలే, అప్పుడే లాక్. ఈ నలుగురిలో ఏ ఒక్కరు చేయి వదిలినా లాక్ వదిలేస్తుంది. ఎవరూ ఎవరి అనుమతి కోసమూ ఆగరు.

అమెరికాలో వాడే ఎన్ఎఫ్‌పీఏ 101 అనే అగ్ని భద్రత ప్రమాణం సెన్సార్‌తో విడిచే తాళాలకి పెట్టిన షరతులు కూడా ఈ దారినే ఉంటాయి. సెన్సార్‌కి కరెంటు పోతే తలుపు వదలాలి, ఫైర్ అలారం మోగితే వదలాలి, సెన్సార్ ఎంత బాగున్నా పక్కన చేత్తో నొక్కే బటన్ ఉండి తీరాలి. ఆ బటన్ నేల నుంచి 1015 నుంచి 1220 మిల్లీమీటర్ల ఎత్తులో, తలుపుకి 1525 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. నొక్కితే మిగతా ఎలక్ట్రానిక్స్‌తో పనిలేకుండా లాక్ కరెంటుని నేరుగా తెంచాలి, కనీసం 30 సెకన్లు తలుపు తెరిచే ఉంచాలి. మీ ప్రాంతపు అగ్నిమాపక నిబంధనలు వేరుగా ఉండొచ్చు, అవే మీకు చెల్లుతాయి. అయినా ఈ కొలతలు ఎవరికైనా మంచి కొలబద్ద. మా పాత బటన్ 1400 మిల్లీమీటర్ల దగ్గర ఉంది, కుర్చీలో కూర్చున్న మనిషికి చెయ్యి పూర్తిగా చాపితే తప్ప అందదు. పైగా అది కంట్రోలర్‌కి చెప్పే బటనే, లాక్ కరెంటుని తెంచేది కాదు. దాన్ని పీకేసి, సొంత టైమరూ రెండు కాంటాక్టులూ ఉన్నదాన్ని 1100 దగ్గర బిగించాను.

ఇక కేబుల్. పవర్ సప్లై పెట్టె సర్వర్ ర్యాక్ పక్కన ఉంది, అక్కడి నుంచి తలుపుకి తీగ దారి 20 మీటర్లు. పాత బిగింపులో లాక్‌కి నెట్‌వర్క్ కేబుల్ లోని ఒక జత వాడారు. అలాంటి సన్నటి తీగకి కిలోమీటరుకి 84 ఓమ్‌ల నిరోధం. వెళ్ళడం, రావడం కలిపి 40 మీటర్లు, అంటే 3.4 ఓమ్‌లు. లాక్ తాగేది అర ఆంపియర్. దారిలోనే 1.7 వోల్టులు ఆవిరి. సప్లై 13.7 వోల్టులు ఇస్తున్నంత కాలం లాక్ దగ్గర 12 మిగులుతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. కరెంటు పోయి బ్యాటరీ 11కి దిగిన రోజు లాక్‌కి 9.6 వోల్టులే. పట్టు సడలుతుంది, గట్టిగా లాగితే తలుపు వచ్చేస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు తీగ లాగితే ఆ నష్టం 0.4 వోల్టులకి దిగింది. ఫాల్స్ సీలింగ్ పలకలు ఎత్తి దింపడమే కష్టం, మిగతాది నిమిషాల పని.

లాక్ విప్పినప్పుడు ఇంకోటి కనిపించింది. అయస్కాంతపు తీగచుట్ట (కాయిల్) టెర్మినళ్ళకి అడ్డంగా ఎవరో 1ఎన్4007 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే భాగం) ఒకటి టంకం వేసి ఉంచారు. రిలేలకీ స్ట్రైక్ లాక్‌లకీ అది మంచి అలవాటు, కరెంటు తెగినప్పుడు కాయిల్ విసిరే వోల్టేజిని మింగేస్తుంది. మ్యాగ్‌లాక్ దగ్గర మాత్రం దానికో దుర్గుణం ఉంది. తెగిన కరెంటు డయోడ్ గుండా కాయిల్‌లోనే తిరుగుతూ నెమ్మదిగా చస్తుంది, అంతసేపూ అయస్కాంతం పట్టుకునే ఉంటుంది. ఈ లాక్ లోపలే సర్జ్ రక్షణ ఉందనీ, బయట డయోడ్ వేయొద్దనీ దాని కాగితంలోనే ఉంది. డయోడ్ తీసేశాక తేడా చేతికి తెలిసింది. ముందు తలుపు తోస్తే ఓ క్షణం జిగురు పెట్టినట్టు ఆగి వచ్చేది, ఇప్పుడు వెంటనే వస్తోంది. మనిషి మామూలు నడక సెకనుకి 1.2 నుంచి 1.4 మీటర్లు. మీటరు దూరంలో సెన్సార్ చూస్తే చేతిలో ఉండేది సెకను కన్నా తక్కువ. అందులో జిగురుకి చోటు లేదు.

తలుపు మీది ఇనుప పలకని మాత్రం బిగుతుగా తిప్పలేదు. మధ్య బోల్టు వెనక రబ్బరు వాషర్ ఉంటుంది, పలక కొంచెం ఊగాలి. ఊగితేనే అయస్కాంతం ముఖానికి తనంతట తాను సమంగా అతుక్కుంటుంది. కదలకుండా బిగిస్తే వెంట్రుకవాసి ఖాళీ వచ్చినా పట్టు చాలా పడిపోతుంది.

గురువారం, సుద్దముక్క పని

సెన్సార్‌కి కరెంటు ఇచ్చాక ఓ నిమిషం ఆగాలి, పైరో మూలకం కుదురుకోవాలి. ఆ నిమిషంలో దాని ముందు చేతులూపి "పనిచేయడం లేదు" అని విప్పేసినవాళ్ళని చూశాను.

సెన్సార్ మనిషిని పట్టినప్పుడల్లా వెలిగే వాక్ టెస్ట్ ఎల్ఈడీ ఆన్ చేసి, తమ్ముడొకణ్ణి సాయానికి పిలిచాను. అతను తలుపు వైపు నెమ్మదిగా నడుస్తాడు, ఎర్ర లైటు వెలగగానే నేను "ఆగు" అంటాను, అతని బొటనవేలి ముందు నేల మీద సుద్దతో గీత. ఎదురుగా, ఎడమ నుంచి, కుడి నుంచి, ఏటవాలుగా, వేగంగా, నిదానంగా. కాసేపటికి నేల మీద సెన్సార్ చూపు ఆకారం బయటపడింది: తలుపుకి ఎదురుగా కోడిగుడ్డులాంటి మచ్చ, ఎడమవైపు మాత్రం ముక్కు సాగి మీటింగ్ గది దారిలోకి పొడుచుకొచ్చింది.

"అన్నా, నేనిటు పోతున్నా కదా, తలుపెందుకు తెరుచుకుంటోంది?"

"ఆ ముక్కు కోయాలి. ఇంకోసారి అటునుంచి రా."

సెన్సార్ లోపల లెన్స్‌ని ఎడమకీ కుడికీ జరపొచ్చు, ముందుకీ వెనక్కీ వంచొచ్చు. పక్కల్ని మూయడానికి ప్లాస్టిక్ రెక్కలు కూడా ఇచ్చారు. ఎడమ రెక్క సగం మూశాక ముక్కు పొట్టిదైంది కానీ పోలేదు. మిగిలిన చోట లెన్స్ లోపలివైపు అల్యూమినియం టేపు చిన్న పట్టీ అంటించాను. గాజు ఆపినట్టే లోహం కూడా ఆపుతుంది, పైగా టేపుని మిల్లీమీటర్లలో జరుపుకోవచ్చు. పాత గీతలు తడిగుడ్డతో తుడిచి కొత్తగా గీస్తే ఈసారి మచ్చ సౌష్ఠవంగా వచ్చింది, లోతు 1.1 మీటర్లు. మీటింగ్ గదికి పోయేవాళ్ళ అడుగులు దానికి బయటే పడ్డాయి.

డబ్బాలు మోసే సంగతి విడిగా పరీక్షించాను. ఛాతీ ఎత్తున పెద్ద అట్టపెట్టె పట్టుకుంటే ఎదురుగా చూసే సెన్సార్‌కి ఒంటి వేడిని పెట్టె దాచేస్తుంది, అట్ట గది వేడిమితో సమానంగా ఉంటుంది కదా. మనది పైనుంచి చూస్తోంది, తల కనిపించింది, పట్టేసింది. టోపీ పెట్టుకుని వచ్చినా పట్టేసింది. కుర్చీలో సహోద్యోగి వచ్చినప్పుడు మొదటి ప్రయత్నంలోనే వెలిగింది కానీ నిలబడ్డవాళ్ళకన్నా కాస్త ఆలస్యంగా. తల ఎత్తు తక్కువ, పరదా కిందికి దిగేకొద్దీ పలచబడుతుంది. లెన్స్‌ని ఒక గాటు ముందుకి వంచితే కుదిరింది.

మధ్యాహ్నం ఏసీ ఆపించి గది వేడెక్కాక మళ్ళీ నడిపించాను. పీఐఆర్ చూసేది ఒంటి వేడిమికీ వెనకనున్న నేల వేడిమికీ తేడానే. చర్మం మీద వేడి 33, 34 డిగ్రీలు ఉంటుంది, గది కూడా అక్కడికి చేరుతుంటే మనిషి గోడలో కలిసిపోతాడు. కరెంటు పోయి ఏసీలు ఆగి బ్యాటరీ మీద లాక్ మాత్రం పట్టుకుని ఉన్న మధ్యాహ్నం సరిగ్గా ఇదే జరుగుతుంది. ఏసీ ఆపినప్పుడు మచ్చ లోతు కనిపించేంత తగ్గింది, అయినా పనిచేసింది. ఇంకా వేడిలో ఒకవేళ విఫలమైతే బటన్ ఉంది. బటన్ పీకేయొచ్చు కదా అన్నవాళ్ళకి ఇదే నా జవాబు.

తలుపు గాజులోంచి నేల మీద ఎండ పడుతుంది కాబట్టి అదీ ఇబ్బంది పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నేల వేడెక్కడం నెమ్మదిగా జరిగే పని, నెమ్మది మార్పులని సెన్సార్ లెక్కచేయదు. బయట నిలబడి గాజుకి అరచెయ్యి దూరంలో తమ్ముడు ఎంతసేపు చేతులూపినా ఎర్ర లైటు వెలగలేదు.

టైమర్ విషయంలో రెండు రకాలు. కదలిక కనిపించినంతసేపూ లెక్క మళ్ళీ మొదటికి వచ్చేది ఒకటి, ఒకసారి మొదలైతే కదలికతో పనిలేకుండా ముగిసిపోయేది రెండోది. రెండోదాంట్లో తలుపు తరచూ పట్టుకుంటుంది, భద్రత వైపు నుంచి చూస్తే అదే మేలు. కానీ నిదానంగా కుర్చీ తోసుకునే మనిషి మధ్యలో ఉండగా లాక్ పడిపోయే పాత బాధ మళ్ళీ మొదలవుతుంది. మొదటిదే పెట్టాను, 6 సెకన్లు. దీని ఖరీదు ఏమిటంటే, తలుపు దగ్గర ఫోన్లో మాట్లాడుతూ అటూ ఇటూ పచార్లు చేసే మహానుభావుడు ఉన్నంతసేపూ తాళం లేనట్టే. అలాంటివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. తలుపు 40 సెకన్లకి మించి తెరిచి ఉంటే చిన్న బజర్ మోగేలా కంట్రోలర్‌లో పెట్టాను, కానీ అది తెరిచిన తలుపుకే. మూసే ఉండి లాక్ మాత్రం వదిలేసిన తలుపు దానికి తెలియదు. లాక్‌లో బాండ్ సెన్సార్ ఉంది, పట్టుకుందో లేదో చెప్తుంది. దాన్ని కంట్రోలర్‌లో ఖాళీగా ఉన్న ఇన్‌పుట్‌కి కలిపి, రెండు నిమిషాలకి మించి పట్టు లేకపోతే రిసెప్షన్‌లో లైటు వెలిగేలా చేశాను.

శుక్రవారం

రాత్రి లాగ్ చూస్తే ఆఫీసులో ఎవరూ లేని వేళ ఎగ్జిట్ నమోదులు కనిపించాయి. ఒకటీ అరా కాదు, గుత్తులు గుత్తులుగా. రాత్రంతా నడిచే ఏసీ ఒకటి ఉంది, సర్వర్ ర్యాక్ కోసం. దాని ఫ్యాన్ వేగం పెరిగిన వేళలూ ఈ గుత్తులూ సరిపోయాయి. కానీ గాలి సెన్సార్ మీదికి రావడం లేదు, టిష్యూ పట్టుకుని చూశాను. తలుపు పక్కన నిలబెట్టిన ఫ్లెక్స్ బ్యానర్ స్టాండ్ దొరికింది. గాలికి దాని కింది అంచు మెల్లగా ఊగుతోంది. ఏసీ వల్ల చల్లబడ్డ ఫ్లెక్స్, వెనకాల దానికన్నా వేడిగా ఉన్న గోడ, ఊగుతున్న అంచు. సెన్సార్ వైపు నుంచి చూస్తే అదొక కదిలే వస్తువు. బ్యానర్‌ని అవతలి గోడకి మార్చాం. లెక్కకి రెండు పల్సులు (కదలిక సిగ్నళ్ళు) వస్తేనే నమ్మమని సెట్టింగ్ కూడా మార్చి చూశాను కానీ వేగంగా నడిచేవాళ్ళని ఆలస్యంగా పట్టింది, తిరిగి ఒకటికే తెచ్చేశాను. వస్తువు జరిపితే పోయే సమస్యకి సెన్సార్‌ని మొద్దుబార్చడం ఎందుకు?

లాగ్‌లో ఇంకో వింత కూడా ఉంది. పగటిపూట కొన్నిసార్లు 'బలవంతంగా తెరిచారు' అన్న అలారం, ఆ వెంటనే ఎగ్జిట్ నమోదు. వరస తిరగబడింది. లాక్ కరెంటుని సెన్సార్ నేరుగా తెంచుతోంది కాబట్టి తలుపు తక్షణం వదులుతుంది, పరుగున వచ్చినవాడు తోసేస్తాడు. కంట్రోలర్ మాత్రం ఇన్‌పుట్ అర సెకను నిలకడగా ఉంటేనే నమ్మేలా ఉంది. దానికి కబురందేలోపే తలుపు కాంటాక్ట్ (తలుపు తెరిచి ఉందో లేదో చెప్పే స్విచ్) తెరుచుకుంటోంది. ఆ వడపోత సమయాన్ని పదో వంతు సెకనుకి తగ్గించాక అలారాలు ఆగాయి.

సాయంత్రం తలుపు కింది సందు సంగతి. కీబోర్డులు శుభ్రం చేసే గ్యాసు డబ్బా తలకిందులుగా పట్టుకుని నొక్కితే ద్రవం చిమ్మి, ఆవిరవుతూ గాలిని నీరు గడ్డకట్టేంత చల్లబరుస్తుంది. ఆ చల్లటి మేఘాన్ని తలుపు సందులోంచి లోపలికి ఊదితే పీఐఆర్‌కి అది వేడిమి తేడాతో కదిలే వస్తువే. బయటి నుంచి కార్డు లేకుండా తాళం తీసే ఈ చిట్కా భద్రత పరీక్షలు చేసేవాళ్ళందరికీ తెలుసు. మనమే ముందు చేసి చూడడం మేలు.

తమ్ముడు బయట మోకాళ్ళ మీద కూర్చుని ఊదాడు. తెల్లటి పొగ నేల మీద జానెడు మేర పాకింది. లైటు వెలగలేదు. "ఇంకాస్త పైకి, పక్క సందులోంచి కొట్టు" అన్నాను. రెక్కకీ ఫ్రేముకీ మధ్య నిలువు సందులోంచి నడుము ఎత్తున ఊదగానే ఎర్ర లైటు, లాక్ టప్పుమంది. అతను తలుపు లాగి నవ్వుతూ లోపలికి వచ్చాడు.

రెండు పనులు చేశాను. పరదా వెనక అంచు తలుపు గాజుని ఆనుకుని దిగుతోంది, లెన్స్‌ని వంచి దాన్ని తలుపు నుంచి జానెడు లోపలికి జరిపాను. దానివల్ల ముందువైపు లోతు పెరిగింది, టేపు పట్టీ ఇంకొకటి వేసి మళ్ళీ 1.1 మీటర్లకి కుదించాను, సుద్దగీతలు మరోసారి. నిలువు సందుకి ఫ్రేము పొడవునా బ్రష్ సీల్ వేయాలి. అది ఇంకా రాలేదు, ప్రస్తుతానికి ఫోమ్ పట్టీ అంటించాను. ఇప్పుడు ఎంత ఊదినా వెలగడం లేదు. పెద్ద డబ్బాతో, ఓపిగ్గా ప్రయత్నిస్తే ఏమవుతుందో హామీ ఇవ్వను.

రాత్రివేళ సెన్సార్‌తో తాళం తీయడాన్ని ఆపేసే షెడ్యూల్ సౌకర్యం కంట్రోలర్‌లో ఉంది, వాడమని సలహా కూడా వచ్చింది. వద్దన్నాను. నా వైరింగ్‌లో సెన్సార్ రెండో జత నేరుగా లాక్ దారిలో ఉంది కాబట్టి షెడ్యూల్ దాన్ని ఆపలేదు కూడా. ఆపగలిగినా, రాత్రి ఒంటరిగా పనిచేసే మనిషికి పొగ నిండిన గదిలో బటన్ వెతుక్కునే పని పెట్టడం కన్నా సందులు మూయడమే నయం. కార్డు రీడర్ దగ్గర కెమెరా ఉంది, లాగ్‌లో రాత్రి ఎగ్జిట్ పడితే ఆ సమయపు వీడియోని పక్కన పెట్టే నియమం రాశాను.

హాజరు లెక్కకి ఈ నమోదులు వాడొచ్చా అని ఒకరు అడిగారు. వాడలేం. సెన్సార్‌కి కదలిక తెలుసు, మనిషి ఎవరో తెలియదు. పైగా కార్డు పెట్టి లోపలికి వచ్చేవాడు కూడా పరదా దాటుతాడు, ప్రతి రాకకీ ఒక ఉత్తుత్తి పోక నమోదవుతుంది.

శనివారం

ఆఫీసు ఖాళీగా ఉన్న పూట అన్నీ తెంచి చూడడం. సెన్సార్ కరెంటు తీగ లాగాను, లాక్ వదిలింది, అయిదు సెకన్ల తరవాత తోశాను, తెరుచుకుంది, అయిదు నిమిషాల తరవాతా తెరిచే ఉంది. కంట్రోలర్ కరెంటు తీశాను, బటన్ నొక్కితే లాక్ వదిలింది, సెన్సార్ ముందు నడిస్తే వదిలింది. బటన్ నొక్కి గడియారం చూశాను, 30 సెకన్లు దాటాకే పట్టుకుంది. ఫైర్ ప్యానెల్‌లో పరీక్ష అలారం పెట్టించాం, రీసెట్ చేసేదాకా తలుపు పట్టుకోలేదు.

మెయిన్ ఆపి బ్యాటరీ మీద వదిలేశాను. 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. లాక్ 0.5, కంట్రోలరూ రీడరూ సెన్సారూ కలిసి మరో 0.2 ఆంపియర్. కాగితం మీద పది గంటలు, కానీ 7 అనే ఆ అంకె 20 గంటలు నిదానంగా తాగినప్పటిది. ఇంత వేగంగా తాగితే అంత రాదు, పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. పెట్టె లోపల బ్యాటరీ మీద బిగించిన తేదీ మార్కర్‌తో రాశాను.

సెట్టింగుల కాగితం ఒకటి ప్రింటు తీసి పవర్ సప్లై తలుపు లోపలివైపు అంటించాను: ఫెయిల్ సేఫ్, టైమర్ 6 సెకన్లు, కదిలితే లెక్క మళ్ళీ మొదలు, పల్సు ఒకటి, ఎడమ రెక్క సగం, టేపు పట్టీలు రెండు, బటన్ 30 సెకన్లు, ఇన్‌పుట్ వడపోత 0.1 సెకను. పక్కనే వైర్ల రంగులతో చేత్తో గీసిన బొమ్మ. వాక్ టెస్ట్ ఎల్ఈడీ ఆపేశాను. అది వెలుగుతూ ఉంటే చూపు ఎక్కడ మొదలవుతుందో గాజు అవతల నిలబడ్డవాడు కూడా చూసి నేర్చుకుంటాడు.

మిగిలింది బ్రష్ సీల్ బిగించడం, ఆ తరవాత గ్యాసు డబ్బా పరీక్ష మళ్ళీ మొదటినుంచి.